నిప్పును ముట్టకుండ వేడి చెప్పే దుర్బీన్ కాడికి పోయొచ్చిన

హుస్సేనీ ఆలం గల్లీకి కోడలిగా వచ్చిన కాడికెల్లి షాలిబండ దాటి పోయింది లేదు నేను. పాలు పోసే ఇండ్లు, గడ్డి కొనే మండి, పండుగ పూట చార్మినార్ కాడ గాజుల దుకాణాలు, ఇంతే నా తిరుగుడు. గసొంటి దాన్ని మొన్న ఎండాకాలంల ఫలక్‌నుమా బాట పట్టి ఒక పోత కారఖానా దాక పోయిన. నిప్పును ముట్టకుండ, దూరంకెల్లే దాని వేడి చెప్పే దుర్బీన్‌ను నా కండ్లతోని చూసొచ్చిన. ఇప్పటికీ తలుచుకుంటే గుండె దడదడ కొట్టుకుంటది. భయానికి కాదు, సంబురానికి. నా లెక్కనే కొడుకునో మొగన్నో నిప్పుల కాడికి పనికి పంపి పొద్దుమూకే దాక ఫికర్ పడే ఆడోళ్లు ఈ పాతబస్తీల మస్తుమంది ఉన్నరు. వాళ్లు కూడ ఒకసారి పోయి చూసి రావాలెనని ఇది రాస్తున్న. నాకు సదువు అంతంత మాత్రమే, మా మేనమామ ఇసుకల దిద్దిచ్చిన అక్షరాలే. తప్పులుంటే మీరే సర్దుకొని సదువుకోండ్రి.

నా కొడుకు యాదగిరి కంచు, ఇత్తడి కరిగించి పోత పోసే కారఖానాల బట్టీ కాడ పని చేస్తడు. బట్టీ అంటే ఇటుకలతోని కట్టిన పెద్ద పొయ్యి. దాంట్ల మట్టి మూసలు పెట్టి లోహం కరిగిస్తరు. కరిగింది సరిపోయిందా, ఇంకా కాగాల్నా అని చెయ్యి పెట్టి చూసేది కాదు కద. బట్టీ పక్కకు పిడికిలంత కంత ఉంటది. యాదగిరి ఆ కంతకాడ కన్ను పెట్టి లోపలి రంగు చూసి చెప్తడు. ఎరుపు తిరిగి నారింజ రంగు వస్తదట, అది తిరిగి పసుపు, ఆ మీద జర తెలుపు. వేడి తక్కువైతే లోహం అచ్చుల సగం దాకనే పారి గడ్డకడ్తది. ఎక్కువైతే సామాను లోపల బొక్కలు పడి ఎందుకూ పనికి రాకుంట పోతది. ఏండ్ల తరబడి వాడు గదే పని చేసిండు. పోయిన చలికాలం కాడికెల్లి వాని కండ్లల్ల నీళ్లు కారుడు మొదలైంది. దీపం చుట్టు రంగుల వలయాలు కనిపిస్తున్నయన్నడు. ఒకనాడు బర్రెకు కుడితి పోయబోయి బకెట్ పక్కకు, నా కాళ్ల మీద పోసిండు. దవాఖానకు తోల్కపోతే డాక్టర్ సాబ్ కండ్లు ఇప్పి చూసి, "ఇట్లనే నిప్పులకు చూస్కుంట ఉంటే ఉన్న చూపు కూడ పోతది. చూసుడు బంద్ చెయ్యి" అన్నడు. చూసుడు బంద్ చేస్తే వానికి పనే లేదాయె!

గీ ఫికర్ల ఉండంగ, ఒకనాడు వాడు ఇంటికొచ్చి కొత్త సంగతి చెప్పిండు. బెజవాడ దిక్కు మనిషి ఒకాయన, మిషన్ల సామాను అమ్మే ఏజెంటు, బొంబాయికెల్లి ఒక దుర్బీన్ తెచ్చిండట. దాంతోని దూరం నిలబడి చూస్తే నిప్పు ఎంత వేడి మీద ఉన్నదో ఒక ముల్లు చూపిస్తదట. ఒక్కరోజు కారఖానాల నడిపిచ్చి చూపిస్తడు. సేట్‌కు నచ్చితే కొంటడు, నచ్చకుంటే ఆయన పొద్దుమూకి రైలుకే పెట్టెల పెట్టుకొని పోతడు. "నచ్చితే నేను కంతల కన్ను పెట్టే అక్కరే ఉండదమ్మా. నల్లద్దం కెల్లి జరంత సేపు చూస్తే చాలట" అన్నడు.

నాకు ఒక దిక్కు పానం లేచొచ్చింది, ఇంకో దిక్కు గుబులు పట్టింది. పక్కింటి బాలమ్మ నోరు ఊకుంటదా? "కరెంటు దుర్బీనట వదినా, కన్ను పెడితే కంట్లున్న తడంత గుంజుకుంటదట" అన్నది. ఇగ నాకు నిద్ర లేదు. నేను కూడ వస్త అన్న.

"ఏందమ్మా, ఆడోళ్లు కారఖానాకు దసరా పూజకు కద వచ్చేది" అన్నడు యాదగిరి.

"దసరా దాక నీ కండ్లుండాలె కద!"

వాడు సేట్‌ను అడిగొచ్చిండు. రమ్మన్నడట గని, బట్టీ దగ్గరికి పోవద్దు, లొల్లి చెయ్యొద్దు అన్నడట. సరే అన్న. ఆ రెండు మాటల్ల ఒక్కటి కూడ నేను నిలబెట్టుకోలే. ముందు ముందు చెప్త.

గురువారం, జుమ్మెరాత్ నాడు యాదగిరి చీకటితోనే నడుసుకుంట పోయిండు, బట్టీ ముట్టియ్యాలె గనక. నేను పాలు పిండి, బర్లకు గడ్డేసి, ఆరు గంటల వరకు గల్లీ మూల మీదికొచ్చిన. ఖాజా మియా జట్కా నాలుగణాలడిగిండు. రోజూ మా ఇంటి పాలు తాగేటోడు, చివరికి మూడణాలకొచ్చిండు. మీరు పోతే ముందుగాలనే మాట్లాడుకోండ్రి, షాలిబండ దాటినంక చడావ్, అంటే ఎత్తు ఎక్కుడు ఉంటది, అక్కడ బండాపి బేరం పెంచేటోళ్లు కూడ ఉంటరు. పరదా ఉన్న జట్కా అడగండ్రి, ఎండ తగలదు. నేను ఎక్కంగనే ఆయన నా మూట దిక్కు చూసిండు.

"అమ్మా, గింత పెద్ద గట్డీ ఏంది? కారఖానాల కాపురం పెడ్తున్నవా?"

"జొన్నరొట్టెలు, పెరుగు ముంత, నీళ్ల చెంబు. కాలితే పుయ్యడానికి కొబ్బరినూనె. కండ్లల్ల వేసే గులాబ్ నీళ్లు. తలనొప్పొస్తే శొంఠి."

"మేరే ఘోడేకు ఏం తెచ్చినవ్?"

"నీ గుర్రం మంచిగనే ఉన్నది, దానికి ఏమైతది?"

"నువ్వు ఎక్కినవ్ కద అమ్మా, దానికి కూడ ఫికర్ అంటుకుంటది" అని నవ్విండు.

నాకు నవ్వొచ్చింది గని, పరదా సందుకెల్లి చూసుడే ఆపలే. ముర్గీచౌక్ గడియారం దాటినం, చార్మినార్ కాడ పొద్దు అప్పుడే పైకొస్తున్నది, గాజుల దుకాణాలు ఇంకా తెరవలే. షాలిబండ చడావ్ మీద గుర్రం జారింది, బండి ఊగింది, నా మూట ఒరిగింది. పెరుగు ముంత మూత ఊడి మూటంత తడిసింది. "అయ్యో ఖాజా!" అన్న. "పెరుగు ఒలికితే శుభం అమ్మా" అన్నడు. ఆ పెరుగు తడి తర్వాత ఎంత పని చేసిందో ఆయనకేం తెలుసు, నాకేం తెలుసు! అలియాబాద్ దాటినంక ఇండ్లు పల్చబడ్డయ్, గాలి మారింది, గుట్ట మీద మహల్ తెల్లగ కనపడ్డది. పరదా మొత్తం పక్కకు జరిపి నోరు తెరిచి చూసిన. ఇంత వయసొచ్చినంక ఊరి అంచు చూసిన్నని పిల్ల లెక్క సంబురపడ్డ. గంట పట్టలే, కారఖానా రేకుల షెడ్డు ముందర బండాగింది.

లోపల అడుగు పెట్టంగనే వేడి మొఖానికి కొట్టింది. యాదగిరి తలకు తువ్వాల కట్టుకొని బట్టీ కాడ నిలబడ్డడు. ఏజెంటు అయ్య సన్నగ, అద్దాలు పెట్టుకొని, ఒక మూడు కాళ్ల స్టాండు మీద మోచేతంత గొట్టం బిగిస్తున్నడు. గొట్టానికి తీగలు, తీగలకు బ్యాటరీ, దాని పక్కకు ముల్లు తిరిగే డబ్బా. బట్టీకి బారెడు దూరంల పెట్టి గొట్టం మూతిని కంత దిక్కు తిప్పిండు. నేను భయపడుకుంటనే దగ్గరికి పోయి, "అయ్యా, గిది కంటి తడి గుంజుకుంటదా?" అని అడిగిన.

ఆయన నవ్వలే, అది నాకు నచ్చింది. "ఏమీ లాక్కోదు పెద్దమ్మగారూ. నిప్పు వెలుగు దీంట్లోకి వస్తుంది, దీంట్లోంచి ఏమీ బయటికి పోదు. పైగా నల్లెర్ర గాజు అడ్డం ఉంది. మీరే చూడండి, మీ అబ్బాయి కంటే ముందు" అన్నడు.

నా కొడుకు కంటికి ఏమన్నయ్యేది ఉంటే ముందుగాల నా కంటికే కానీ అనుకున్న. దేవున్ని తలుచుకొని కన్ను పెట్టిన. మొదలు చీకటి. తర్వాత ఎర్రటి చందమామ లెక్క గుండ్రంగ ఒక వెలుగు తేలింది. అది బట్టీ లోపలట! ఇంత దూరంకెల్లి, చల్లగ! దాని నడుమ అడ్డంగ నల్లటి ఎంట్రుక పడ్డట్టున్నది. పాలల్ల ఎంట్రుక పడితే తీసే అలవాటు కద, వేలు పైకి లేచింది.

"అది ఎంట్రుక కాదండీ, తీగ. ఇప్పుడు దానికి కరెంటు ఇస్తాను, చూస్తూ ఉండండి" అని ఆయన ఒక బిళ్ల తిప్పిండు.

ఎంట్రుక ముదురు ఎరుపయింది. ఇంకింత ఎరుపు. చందమామ ఎట్లున్నదో గట్లనే అయింది. ఆ తర్వాత, నమ్ముతరో లేదో, లేనే లేదు! పాలల్ల చక్కెర లెక్క కరిగిపోయింది. నేను ఆగలేకపోయిన. "పోయింది! పోయింది!" అని ఒర్లిన.

యాదగిరి ఉరికొచ్చిండు. "ఏం పోయిందమ్మా? కన్నా?"

"తీగ పోయింది బిడ్డా! నిప్పుల కలిసిపోయింది!"

షెడ్డుల ఉన్నోళ్లంత నవ్విన్రు. సేట్ కూడ గద్దె మీదికెల్లి లేచిండు. ఏజెంటు అయ్య ఇంకింత తిప్పితే తీగ మళ్ల కనపడ్డది, ఈసారి నిప్పు కంటె తెల్లగ. వెనక్కి తిప్పితే మళ్ల మాయం. "నిప్పు వెలుగూ తీగ వెలుగూ సమానమైన చోట తీగ కనపడదు. అప్పుడు ముల్లు ఎక్కడుందో చూసుకోవడమే. తీగకు ఎంత కరెంటు ఇస్తే ఎంత వేడి మీద వెలుగుతుందో ముందే లెక్క కట్టి డబ్బా మీద గీతలు గీశారు" అని చెప్పిండు. నేను కన్ను తీసి ఆకాశం దిక్కు చూసిన, గోడ దిక్కు చూసిన. మంట లేదు, నీళ్లు లేవు. బాలమ్మ మాట గాలికి పోయింది. అప్పటికెల్లి నా మనసుల ఒక్కటే కోరిక. ఈ గొట్టం పొద్దుమూకి రైలెక్కొద్దు.

సేట్ గట్టోడు. "మజా అయితే ఉన్నది. మజాకు నేను పైసలియ్య. నా మాల్ మంచిగ రావాలె" అన్నడు. ఆయన పెట్టిన షర్తు ఇది. మొదటి పోత యాదగిరి ఎప్పటి లెక్కనే కన్నుతోని చూసి చెప్పాలె, అప్పుడు ముల్లు ఎక్కడుంటే అక్కడ సున్నపుకడ్డితోని గీత పెట్టాలె. రెండో పోత కంత దిక్కు ఎవ్వడూ చూడొద్దు, ముల్లు ఆ గీత మీదికొస్తేనే పొయ్యాలె. రెండో మాల్ మొదటి దాని లెక్క వస్తే దుర్బీన్ ఉంటది, లేకుంటే పోతది.

మొదటి పోత మంచిగైంది. యాదగిరి కంతకాడికెల్లి లేచి "ఇగ చాలు" అన్నప్పుడు వాని కండ్లు చింతనిప్పులే. సేట్ గీత పెట్టిండు. పగటాల్ల అన్నానికి కూసున్నప్పుడు సేట్ అందరి ముందట, "యాదగిరి కండ్లసొంటి కండ్లు బస్తీ మొత్తంల లేవు" అన్నడు. ఏజెంటు అయ్య కూడ, "నిజమేనండీ, అలాంటి చూపు నేనెక్కడా చూడలేదు" అన్నడు. పనోళ్లంత వాని కండ్ల దిక్కే చూసిన్రు.

నేను చేతుల రొట్టె కింద పెట్టిన. చూపు పోతున్న పిల్లగాని కండ్లను గింత మంది మెచ్చుకుంటే దిష్టి తగలదా? ఆ కండ్లకే ఇయ్యాల పరీక్షాయె! మూటల అడుగున ఉప్పు, ఎండు మిరపకాయలు, ఆవాలు పసుపు పేలికల కట్టి తెచ్చుకున్న. ఖాజాకు చెప్పలే గని, గది లేకుండ నేను గడప దాట. అందరు చేతులు కడుక్కోబోయినప్పుడు యాదగిరిని పక్కకు పిలిచిన.

"వద్దమ్మా, చూస్తే నవ్వుతరు."

"నవ్వనీ. కదలకు."

మూడుసార్లు తిప్పిన. తిప్పింది మండే నిప్పుల వెయ్యాలె, ఇంట్ల అయితే పొయ్యిల వేస్త. ఇక్కడ ఇంత పెద్ద పొయ్యి ఎదురుంగనే ఉన్నది! వాడు నీళ్ల కాడికి పోంగనే, కొంగు మొఖానికి అడ్డం పెట్టుకొని పోయి బట్టీ పక్కకున్న ఆ కంతలనే పడేసి ఒక్క ఉరుకుల వెనక్కొచ్చిన. మిరపకాయలు కాలితే ఘాటు రావాలె. రాలే. ఘాటు రాకుంటే దిష్టి గట్టిగ ఉన్నట్టు లెక్క. మంచిపని చేసిన్ననుకొని కొంగుతోని చెమట తుడుచుకున్న.

రెండో పోత మొదలైంది. బొగ్గు పోసిన్రు, పంకా గాలి పెట్టిన్రు. జర సేపైనంక ఏజెంటు అయ్య గొట్టంల కన్ను పెట్టి బిళ్ల తిప్పిండు. ముల్లు గీత కంటె చాన కిందనే ఆగింది. "ఇంకా కాగలేదు, గాలి పెంచండి" అన్నడు. పెంచిన్రు. బట్టీ గుయ్యిమని మోగుతున్నది. మళ్ల చూసిండు, ముల్లు ఇంకా కిందికి దిగింది. ఆయన మొఖం తెల్లబోయింది. గాజు తుడిచిండు, బ్యాటరీ తీగలు పట్టి చూసిండు.

"గాలి పెంచితే వేడి తగ్గుతదా? ఏం దుర్బీనయ్యా గిది!" అని సేట్ లేచిండు. "లోపల మాల్ కాలిపోతున్నది. పెట్టెల పెట్టు నీ గొట్టం. యాదగిరీ, ఇట్లయ్యేది కాదు గని, ఎప్పటి లెక్క నువ్వే చూసి చెప్పు."

యాదగిరి ఒక్క క్షణం నా దిక్కు చూసిండు. తువ్వాలతోని కండ్లు తుడుసుకొని కంత దిక్కు వంగిండు. వాడు వంగిన దిక్కే చూస్తున్న కద, అప్పుడు కనపడ్డది. కంత కింది అంచుకు పసుపు పేలిక కొస! పెరుగు తడికి అది కాలిపోలే, కంత మూతికాడ ఇటుకల నడుమ ఇరుక్కొని పొగ కక్కుతున్నది. ఆ పొగ బయటికి రాకుండ, పైన పొగగొట్టం గుంజుతుంటే తాడు లెక్క లోపలికి పోతున్నది. అందుకే ఘాటు రాలే!

"ఆగు బిడ్డా! కన్ను పెట్టకు! దాంట్ల నా మూట ఉన్నది!" అని ఒర్లుకుంట ఉరికి వాని భుజం పట్టి గుంజిన.

సేట్ నడుము మీద చేతులు పెట్టుకున్నడు. "ఏం మూట మాయీ?"

"దిష్టి మూట సేట్. ఉప్పు, మిరపకాయలు, ఆవాలు. నేనే వేసిన. పిల్లగాని కండ్లకు తగులుతదని..." నేను చేసిన పనికి ఆ గొట్టం పోతది, వాని చూపు పోతది, గది ఒక్కటే తిరుగుతున్నది బుర్రల.

"ఇది బట్టీనా, మీ ఇంట్ల పొయ్యా?" అని సేట్ గద్దించిండు. ఏజెంటు అయ్య మాత్రం ఎగిరి గంతేసినంత పని చేసిండు. "పొగ! పొగ అడ్డం వచ్చిందండీ! నిప్పు తగ్గలేదు, కనబడే వెలుగు తగ్గింది, అంతే!" అనుకుంట పట్టుకారుతోని నా పేలికను బయటికి గుంజి ఇసుకల తొక్కిండు. అప్పుడొచ్చింది చూడండ్రి ఘాటు! షెడ్డు మొత్తం దగ్గుడే దగ్గుడు. సేట్ కండ్లల్ల నీళ్లు, పనోళ్ల కండ్లల్ల నీళ్లు. లోపలి పొగ పోంగనే ఏజెంటు అయ్య మళ్ల కన్ను పెట్టిండు. ముల్లు లేచింది, లేచింది, సున్నం గీత దాటిపోయింది.

"గాలి ఆపండి! ఎక్కువైంది!"

గాలి ఆపిన్రు. ముల్లు మెల్లగ దిగుకుంట వచ్చి గీత మీద నిలబడ్డది. అప్పుడు ఆయన యాదగిరిని పిలిచి గొట్టం కాడ నిలబెట్టిండు. "మీరే చూసి చెప్పండి, తీగ ఉందా?"

యాదగిరి నల్లద్దంకెల్లి చూసిండు. "లేదు. కలిసిపోయింది" అన్నడు. వాడు వెనక్కి జరిగినంక వాని కండ్ల దిక్కు చూసిన. మిరపకాయ ఘాటు తడే గని, కంతల చూసినప్పటి చింతనిప్పుల ఎరుపు లేదు.

పోసిన్రు. ఆరినంక అచ్చు ఇసుక రాల్చి, సేట్ ఆ కంచు సామానును సుత్తెతోని కొట్టిండు. ఖంగుమన్నది. మొదటిది తెచ్చి పక్కన పెట్టి దాన్నీ కొట్టిండు. గదే ఖంగు. ఏజెంటు అయ్య తల వంచుకొని, "పొగ సంగతి నేనే ముందు చెప్పవలసింది. ఇది వెలుగును నమ్ముకున్న సామాను, నడుమ ఏది అడ్డమొచ్చినా మోసపోతుంది" అన్నడు.

"పొగ తీయంగనే నిజం చెప్పింది కద" అన్నడు సేట్, ఇంకా కండ్లు తుడుసుకుంట. "మిరపకాయ పొగకు మా అందరి కండ్లు పనికి రాకుంట పోయినయ్, దాని కన్ను మంచిగనే ఉన్నది. ఉంచిపో." తర్వాత నా దిక్కు తిరిగిండు. "ఒక షర్తు యాదగిరీ. మీ అమ్మ వచ్చిన నాడు గేటు కాడ మూట ఇప్పి చూడాలె."

నాకు సిగ్గు, ఏడుపు, నవ్వు అన్నీ ఒక్కసారే వచ్చినయ్. ఆ పొద్దు యాదగిరి కూడ నాతోనే జట్కా ఎక్కిండు. ఖాజా మియా అప్పటికే మళ్లొచ్చి గేటు కాడ కూసున్నడు. "క్యా హువా అమ్మా, ఫికర్ తగ్గిందా?" అన్నడు. "తగ్గలే గని, మారింది" అన్న. చడావ్ దిగుతుంటే చార్మినార్ మీద పొద్దుమూకి ఎండ పడ్డది. యాదగిరి అది చూసుకుంట, "అమ్మా, ఆ దుర్బీన్ల తీగ మాయమైనప్పుడు నాకు భయమేసింది, ఇగ నేను అక్కరలేదేమో అని. కానీ తీగ మాయమైందని చెప్పేది మనిషి కన్నే కద" అన్నడు. "గందుకే కద బిడ్డా దాన్ని కాపాడుకునేది" అన్న.

ఇది జరిగి కొన్ని నెలలాయె. డాక్టర్ సాబ్, పోయిన చూపు రాదు గని ఉన్నది నిలబడ్డది అన్నడు. నాకు గంతే చాలు. నేను రోజూ పాలు కాగబెడ్త, పొంగేముందు రంగు, నురుగు చూసి దించుత. ఎన్నడూ ముట్టి చూడలే. చూపుతోనే వేడి తెలుసుకునుడు మనందరికి పుట్టుకతోనే వస్తది, గని ఎంత సేపు, ఎంత దగ్గర నిలబడి చూస్తున్నమో మనకు ఎరుక లేదు. మన మొగోళ్ల కండ్లు పొయ్యి ముందట మెల్లగ మాడిపోతుంటే, అలసట అనుకొని కాపడం పెట్టినం. ఆ ఎర్రటి చందమామను నేను బారెడు దూరంకెల్లి చల్లగ చూసిన్నని తలుచుకుంటే, నా కొడుకు అన్ని ఏండ్లు ఎంత దగ్గరకెల్లి చూసిండో అప్పుడు తెలిసొచ్చింది నాకు.

మీరు పోవాలనుకుంటే శుక్రవారం పోకండ్రి, బంద్ ఉంటది. పొద్దుగాల చల్లపూట బయలుదేరి, మొదటి పోత అయ్యే దాక ఉంటే చాలు, అన్నీ కనపడ్తయ్. దిష్టి తీసుడు మానమని నేను చెప్ప, నేనే మానలే. గని తిప్పిన ఉప్పు మిరపకాయలను కొంగుల గట్టిగ ముడేసుకొని ఇంటికి తెచ్చి మీ పొయ్యిలనే వేసుకోండ్రి. ఘాటు మీరే భరించండ్రి. ఆ కంతకు, దాని ముందున్న గొట్టానికి నడుమ ఏమీ ఉండొద్దు.